మూట కట్టండి, ముద్ద చేయకండి

ఈ మధ్య అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు పిలిస్తే, చివరి సంవత్సరం విద్యార్థులతో క్లౌడ్ ఫంక్షన్ల గురించి, అంటే పిలిచినప్పుడు మాత్రమే క్లౌడ్‌లో లేచి పనిచేసే చిన్న ప్రోగ్రాముల గురించి మాట్లాడి వచ్చాను. టైప్‌స్క్రిప్ట్‌లో (టైపులు జోడించిన జావాస్క్రిప్ట్) రాసిన కోడ్, అలాంటి ఫంక్షన్లను నడిపే అమెజాన్ సేవ లాంబ్డాకు ఎలా చేరుతుందో చెప్పడానికి, కోడ్‌ను మూటకట్టే సాధనం (బండ్లర్) ఈఎస్‌బిల్డ్ సెట్టింగులు తెరమీద చూపించాను. ఎక్కడ వెతికినా దొరికే నమూనాయే: బండిల్ ట్రూ (ఫైళ్లన్నింటినీ ఒకే మూట కట్టు), మినిఫై ట్రూ (ఖాళీలు తీసి, పేర్లు కుదించి చిన్నది చేయి), ప్లాట్‌ఫామ్ నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపేది). ఆ రెండో లైను మీద నాకు చాలాకాలంగా తగాదా ఉంది. దాని గురించి చివర్లో మాట్లాడదామని దాచుకున్నాను. అంతలోనే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “సార్, మినిఫై చేసేది పేజీ త్వరగా తెరుచుకోవాలని కదా? సర్వర్‌లో ఉండే కోడ్‌ను డౌన్‌లోడ్ చేసుకునేది ఎవరు?” అని అడిగింది.

పక్కన కూర్చున్న అధ్యాపకుడు, “ప్రొడక్షన్ పద్ధతి అమ్మా అది, అందరూ అలాగే చేస్తారు” అన్నారు. అందరూ అలాగే చేస్తారన్నది నిజమే. నా ఫిర్యాదు కూడా అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్లౌడ్ ఫంక్షన్‌కు పంపే జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ కోడ్‌ను తప్పకుండా బండిల్ చేయాలి. ఒకటి రెండు సందర్భాలు మినహాయిస్తే మినిఫై చేయకూడదు. ఈ రెండూ ఒకే సెట్టింగుల ఫైలులో పక్కపక్కన కూర్చోవడం వల్ల ఒకే పనిలో రెండు మెట్లు అనిపిస్తాయి గానీ, రెండింటి లెక్కలూ వేరు. మొదటిది ఫంక్షన్ లేచే సమయాన్ని నిజంగా తగ్గిస్తుంది. రెండోది బ్రౌజర్ నుంచి మోసుకొచ్చిన అలవాటు.

బండిల్ పక్షాన

మా చిన్న బృందం చేసే పనుల్లో మార్కెట్ ధరలను రైతుల ఫోన్లకు పంపడం ఒకటి. అనంతపురం చీనీ (బత్తాయి), కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, కడప పసుపు. వేలం ముగిశాక ఎవరో ఒకరు ధరలు నమోదు చేస్తారు. ఫంక్షన్ లేచి సందేశాలు పంపిస్తుంది. మళ్లీ మరుసటి రోజు దాకా దానికి పనిలేదు. దీనికోసం ఇరవై నాలుగు గంటలూ ఒక సర్వర్‌కు అద్దె కట్టడం దండగ. కాకపోతే ఇలాంటి పనిలో దాదాపు ప్రతి పిలుపూ కోల్డ్ స్టార్టే, అంటే ఆగిపోయి ఉన్న ఫంక్షన్‌ను మొదటినుంచి లేపడమే. రద్దీగా ఉండే సైట్లలో అది ఎప్పుడో ఒకరికి ఎదురయ్యే ఆలస్యం. మాకు మాత్రం రోజూ మొదటి పిలుపే అసలు పిలుపు. కాబట్టి ఫంక్షన్ లేచే సమయం గురించి నేను తేలిగ్గా మాట్లాడటం లేదు.

నోడ్ ఆలస్యంగా లేవడంలో ఫైళ్ల బరువు కంటే ఫైళ్ల సంఖ్యదే ఎక్కువ పాపం. ఏదైనా లైబ్రరీని తెమ్మని రిక్వైర్ అని రాసిన ప్రతిచోటా అది పక్కనున్న నోడ్ మాడ్యూల్స్ (లైబ్రరీలు ఉండే) ఫోల్డర్‌లో వెతుకుతుంది. అక్కడ లేకపోతే పై ఫోల్డర్‌లో, అక్కడా లేకపోతే ఆ పైదానిలో. ప్యాకేజీ వివరాల ఫైలు చదువుతుంది. ఫైలు పేరుకు చివర ఏమీ రాయకపోతే జేఎస్ ఉందా, జేసన్ ఉందా అని ఒక్కొక్కటీ తడుముతుంది. దొరికినదాన్ని తెరిచి, చదివి, కంపైల్ చేసి, నడిపిస్తుంది. ఒక మోస్తరు ప్రాజెక్టులో ఈ తంతు వందల సార్లు జరుగుతుంది. పీడీఎఫ్ లైబ్రరీ ఒకటి, తేదీల లైబ్రరీ ఒకటి తగిలించామంటే ఇంకా పెరుగుతుంది. బండిల్ చేసినప్పుడు ఈ వెతుకులాట అంతా మన కంప్యూటర్‌లో ఒక్కసారి జరిగి ముగిసిపోతుంది. లాంబ్డాకు తెరవడానికి ఒక్క ఫైలు మిగులుతుంది. మా ఫంక్షన్లలో ఈ తేడా గ్రాఫు చూడకుండానే తెలిసింది.

రెండో లాభం ట్రీ షేకింగ్, అంటే వాడని కోడ్‌ను రాల్చేయడం. 2015లో రోలప్ అనే బండ్లర్ వచ్చాక బాగా ప్రచారంలోకి వచ్చిన ఈ పద్ధతి ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ వాక్యాలతో రాసిన మాడ్యూళ్ల (కోడ్ ఫైళ్ల) మీదే సరిగా పనిచేస్తుంది. ఏది ఎవరికి కావాలో కోడ్‌ను నడపకుండా చదివి తెలుసుకునే వీలు అక్కడే ఉంది. పాత రిక్వైర్ పద్ధతిలో రాసిన లైబ్రరీ అయితే బండ్లర్ ధైర్యం చేయలేక మొత్తం ఉంచేస్తుంది. అందుకే ఒకే పని చేసే రెండు లైబ్రరీల్లో ఏది తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు, గిట్‌హబ్‌లో దాని నక్షత్రాల సంఖ్య కంటే ముందు అది ఏ మాడ్యూల్ పద్ధతిలో వస్తోందో చూస్తాను.

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సేవలను పిలిచే లైబ్రరీ ఎస్‌డీకే ఎలాగూ రన్‌టైమ్‌లోనే, అంటే లాంబ్డా ఇచ్చే నోడ్ ఏర్పాటులోనే ఉంటుంది కదా, దాన్ని బండిల్ బయట పెట్టొచ్చు కదా అని చాలామంది అంటారు. నోడ్ 16 దాకా రన్‌టైమ్‌లో ఎస్‌డీకే రెండో వెర్షన్ ఉండేది. 2022 నవంబరులో వచ్చిన నోడ్ 18 రన్‌టైమ్‌లో అది పోయి మూడో వెర్షన్ కూర్చుంది. పైగా ఆ మూడో వెర్షన్‌లో కూడా ఇవాళ ఏ చిన్న వెర్షన్ ఉందో, రేపు ఏది ఉంటుందో మన చేతిలో లేదు. మూడో వెర్షన్ సేవకొక ప్యాకేజీగా విడివిడిగా వస్తుంది కాబట్టి, వాడుకునే ఒకటి రెండు ప్యాకేజీలను బండిల్‌లోనే కలిపేసుకోవడం నయం. మనం పరీక్షించిందే అక్కడ నడుస్తుంది.

డబ్బు లెక్క కూడా కొంత మారింది. ఇంతకుముందు జిప్ రూపంలో పంపే మామూలు ఫంక్షన్లకు, అవి లేచి సిద్ధమయ్యే దశకు బిల్లు ఉండేది కాదు. 2025 ఆగస్టు 1 నుంచి దానికీ వేస్తున్నారు. మా స్థాయిలో అది టీ ఖర్చుకు కూడా రాదు. అయినా, పనికిమాలిన ఫైళ్లు తెరవడానికి పైసలు ఎందుకు కట్టాలి?

మినిఫై వల్ల మిగిలేది ఎంత

వెబ్‌ప్యాక్ అనే బండ్లర్ 2012లో మొదలైంది. దాని చుట్టూ పెరిగిన అలవాట్లన్నీ బ్రౌజర్‌వి. అక్కడ ప్రతి కిలోబైటుకూ అర్థం ఉంది. గుత్తి రోడ్డులో బస్సులో కూర్చుని, సిగ్నల్ వస్తూ పోతూ ఉండగా పేజీ తెరిచే మనిషి ఫోనులోకి ఆ ఫైలు ప్రయాణం చేయాలి. లాంబ్డా 2014 నవంబరులో వచ్చింది, మొదట్లో నోడ్ ఒక్కటే నడిచేది. అక్కడికి కోడ్ పంపాల్సి వచ్చినప్పుడు జనం చేతిలో ఉన్న సాధనాన్నే పట్టుకెళ్లారు, సాధనంతోపాటు దాని సెట్టింగులు కూడా పోయాయి. 2020లో ఇవాన్ వాలెస్ గో భాషలో రాసిన ఈఎస్‌బిల్డ్ వచ్చాక వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఇప్పుడు లాంబ్డాకు కోడ్ పంపే సీడీకే, శామ్ వంటి సాధనాలు లోపల దాన్నే వాడుకుంటున్నాయి. సాధనం మారినా ఆ రెండో లైను మాత్రం నమూనాల్లో అలాగే ఉండిపోయింది.

సర్వర్ వైపు లెక్క చూద్దాం. లాంబ్డాకు నేరుగా ఎక్కించే జిప్ 50 ఎంబీ దాకా ఉండొచ్చు, విప్పాక 250 ఎంబీ దాకా. ట్రీ షేకింగ్ అయ్యాక ఒక మామూలు ఫంక్షన్ ఒకటి రెండు ఎంబీలకు మించడం అరుదు. దాన్ని మినిఫై చేసి సగం చేశామనుకుందాం. జిప్ ఎలాగూ ఖాళీలను, పదేపదే వచ్చే పేర్లను బాగానే నొక్కేస్తుంది కాబట్టి ప్రయాణించే బరువులో తేడా ఇంకా తక్కువ. ఆ ప్రయాణం కూడా క్లౌడ్ సంస్థ సొంత నెట్‌వర్క్ లోపల జరిగేది.

“పార్స్ చేయడానికి (కోడ్‌ను చదివి అర్థం చేసుకోవడానికి) పట్టే సమయం తగ్గుతుంది కదా” అన్నది కాస్త బలమైన వాదన. తగ్గుతుంది, కాదనను. కానీ నోడ్ లోపల జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజను ఫైలులోని ప్రతి ఫంక్షన్‌నూ మొదట్లోనే పూర్తిగా కంపైల్ చేయదు. పైపైన చూసి వదిలేసి, పిలిచినప్పుడు పని మొదలుపెడుతుంది. పేరు పొడుగ్గా ఉన్నందువల్ల, లైన్ల మధ్య ఖాళీ ఉన్నందువల్ల అది పడే శ్రమ బహు స్వల్పం. అసలు సమయమంతా మాడ్యూల్ పైస్థాయిలో, ఇంపోర్ట్ చేసిన క్షణంలోనే నడిచే కోడ్‌లో పోతుంది: ఏదో లైబ్రరీ లేస్తూనే కట్టుకునే పెద్ద పట్టికలు, ఒక్క సందేశానికి కూడా అక్కరలేని ప్రపంచ భాషలన్నింటి తేదీ రూపాలు, ఎవరూ పిలవని డేటాబేస్ కనెక్షన్. పేర్లు కుదించినంత మాత్రాన వీటిలో ఒక్కటీ తగ్గదు. మా ఫంక్షన్లను మినిఫైతోనూ, లేకుండానూ నడిపి చూస్తే, వచ్చిన తేడా రోజూ సహజంగా ఉండే హెచ్చుతగ్గుల్లో కలిసిపోయింది. మీ ఫంక్షన్ వేరుగా ఉండొచ్చు. కొలవండి. కొలవకుండా ట్రూ అని రాయడం మీదే నా గొడవ.

ఇంకో చిన్న విషయం. మినిఫై అనేది ఈఎస్‌బిల్డ్‌లో నిజానికి మూడు పనులు: ఖాళీలు తీసేయడం, పేర్లు కుదించడం, వాక్యనిర్మాణాన్ని చిన్నది చేయడం. మూడింటికీ వేరువేరు మీటలున్నాయి. చివరిదాన్ని ఒక్కదాన్నే పెట్టుకుంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఎప్పటికీ నడవని కొమ్మలను అది తీసేస్తుంది, పేర్ల జోలికి పోదు. గొడవంతా పేర్లు కుదించడంతోనే.

సోర్సు లేని ఫంక్షన్

ఇక ఈ పట్టుదల నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

ఒక చీనీ వ్యాపారి మా దగ్గరికి వచ్చారు. ఆయనకు ఇంతకుముందు వేరే ఊళ్లోని ఒక సంస్థ ధరల సందేశాలు పంపే ఏర్పాటు చేసి ఇచ్చింది. ఆ సంస్థ మూతపడింది, ఫోన్లు ఎత్తేవాళ్లు లేరు. ఆయన చేతిలో ఉన్నది క్లౌడ్ ఖాతా పాస్‌వర్డు ఒక్కటే. “మొన్నటిదాకా బాగానే ఉండేది సార్. కొత్తగా ఇంకో మార్కెట్ కలిపారు, అప్పటినుంచి చీనీ ధర తప్పుగా పోతోంది” అన్నారు. చీనీ ధర టన్ను లెక్కన చెబుతారు, పసుపు, ఉల్లి క్వింటాలు లెక్కన. సందేశంలో చీనీ ధర పదో వంతు పడుతోంది. రైతులు యార్డుకు ఫోన్ చేసి తిడుతున్నారు. తప్పు ఎక్కడుందో వినగానే ఎవరికైనా అర్థమవుతుంది: కిలో ధరను వెయ్యితో గుణించాల్సిన చోట వందతో గుణిస్తున్నారు. ఆ చోటు దొరికితే నిమిషం పని.

సోర్సు కోడ్ (మనిషి రాసిన అసలు కోడ్) లేదు. ఖాతాలోంచి ఫంక్షన్ జిప్‌ను దించి విప్పితే ఒకే ఫైలు, ఆ ఫైలులో ఒకే లైను. కుడివైపుకు జరుపుతూ పోతే అంతు లేదు.

సరే, వెయ్యి అన్న అంకె కోసం వెతుకుదామనుకున్నాం. ఒక్కటీ తగల్లేదు. ఎందుకంటే మినిఫై చేసే సాధనాలు 1000 అని రాయవు. ఒక అక్షరం మిగులుతుందని ఒకటి, ఈ, మూడు (1e3) అని శాస్త్రీయ రూపంలో రాస్తాయి. దానికోసం వెతికితే డజన్లకొద్దీ తగిలాయి, చాలావరకు సెకన్లను మిల్లీసెకన్లు చేసేవే. వంద అన్న అంకె అలాగే ఉంది గానీ, అది లేని లైబ్రరీ ఉండదు.

పోనీ సందేశంలోని తెలుగు మాటలను పట్టుకుని వెళ్దామని “చీనీ” అని వెతికాం. అదీ లేదు. ఈఎస్‌బిల్డ్ తనంతట తానుగా ఆస్కీ, అంటే ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులు తప్ప మరేవీ ఉంచదు. మిగతావాటిని బ్యాక్‌స్లాష్, యూ, దాని వెనక నాలుగు గుర్తుల కోడ్‌గా మార్చేస్తుంది. అక్షరాల సెట్టింగును యూటీఎఫ్-8 (అన్ని లిపులనూ రాసే పద్ధతి) అని మనం చెబితేనే తెలుగును తెలుగుగా వదులుతుంది. ఇది మినిఫైతో సంబంధం లేకుండా జరిగేదే. కానీ బైట్లు మిగుల్చుకోవాలని మినిఫై పెట్టినవాళ్లు ఒకసారి ఈ లెక్క కూడా చూడాలి. చీనీ అన్న మాట యూనికోడ్‌లో నాలుగు గుర్తులు. యూటీఎఫ్-8లో 12 బైట్లు. ఇలా మార్చాక 24. పేర్లు కుదించి కూడబెట్టినదాంట్లో కొంత మన లిపి దగ్గర ఇలా ఖర్చయిపోతుంది. తెలుగులో పెద్ద పెద్ద సందేశాల నమూనాలు ఉన్న ఫంక్షన్లలో ఇది చిన్న విషయం కాదు. మా పని అంతా తెలుగు సందేశాలతోనే కాబట్టి ఆ సెట్టింగు ఇప్పుడు ప్రతి ప్రాజెక్టులో మొదట రాసే లైను.

చివరికి చీనీ మాటను ఆ కోడ్ రూపంలోకి మార్చి వెతికి, చోటు పట్టుకున్నాం. అక్కడ ‘టీ’ అనే ఫంక్షన్ ‘ఎన్’ను ‘ఆర్’కు ఇస్తోంది, ‘ఆర్’ ఇంకేదో ‘ఈ’ని పిలుస్తోంది. ఒకే ‘ఈ’ పక్క ఫంక్షన్‌లో ఇంకొకటి. లైన్లుగా విడగొట్టి పేర్చే సాధనాలు ఉన్నాయి, అవి ఖాళీలను తిరిగి తెస్తాయి గానీ పేర్లను తేలేవు. ‘కిలో ధర’, ‘టన్ను ధర’ అని ఎవరో ఒకప్పుడు శ్రద్ధగా పెట్టిన పేర్లు ఉండే ఉంటాయి. నిమిషం పనికి మా దగ్గరి అబ్బాయి రాత్రంతా కూర్చున్నాడు.

మరో కేసు చెబితే పోలిక పూర్తవుతుంది. కర్నూలులో ఒక విత్తనాల దుకాణానికి ఇలాంటి పరిస్థితే వచ్చింది. పాత కంప్యూటర్ పాడైంది, సోర్సు పోయింది, లాంబ్డాలో నడుస్తున్న కాపీ ఒక్కటే ఉంది. అక్కడ బండిల్ చేశారు, మినిఫై చేయలేదు. ఫైలు తెరిస్తే టైపులు లేవు, వ్యాఖ్యలు (కామెంట్లు) చాలావరకు పోయాయి. కానీ పేర్లన్నీ ఉన్నాయి. పైగా మినిఫై చేయనప్పుడు ఈఎస్‌బిల్డ్ ఒక మంచి పని చేస్తుంది: ప్రతి మాడ్యూల్ మొదట అది ఏ ఫైలు నుంచి వచ్చిందో ఒక వ్యాఖ్యగా రాస్తుంది. ఏది ఆ దుకాణం వాళ్లు రాయించుకున్న కోడ్, ఏది నోడ్ మాడ్యూల్స్ నుంచి వచ్చిన లైబ్రరీ అన్నది ఆ వ్యాఖ్యలే విడదీసి చూపిస్తాయి. వాటిని పట్టుకుని ఫోల్డర్లు తిరిగి కట్టి, టైపులు మళ్లీ రాసి, రిపాజిటరీలో (కోడ్ భద్రపరిచే చోట) పెట్టేశాం.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. సోర్సు పోగొట్టుకోవడం నిర్వహణ లోపం, దానికి బండ్లర్‌ను నిందిస్తారేమిటి అంటారు. బెంగళూరులో పెద్ద కంపెనీలో కూర్చుని అంటే సబబే. మా వైపు చిన్న వ్యాపారులకు చేసే పనులు అలా ఉండవు. కోడ్ రాసిన కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు. రిపాజిటరీ అతని సొంత ఖాతాలో ఉంటుంది. చివరికి వ్యాపారి దగ్గర మిగిలేది నడుస్తున్న ఫంక్షన్ ఒక్కటే. నడుస్తున్నదే ఏకైక ప్రతి అయ్యే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని మనిషి చదవగలిగేలా ఉంచడం పనిలో భాగమే అనుకుంటాను. కొందరు సరఫరాదారులు ఖాతాదారు తమను వదిలిపోకూడదనే కావాలని ముద్ద చేసి ఇస్తారని కూడా నాకు అనుమానం. రుజువు లేదు కాబట్టి అంతటితో ఆపుతాను.

సోర్స్ మ్యాపుల సంగతి

నా వాదనలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే. సోర్స్ మ్యాప్‌ను (ముద్దలోని ఏ చోటు అసలు కోడ్‌లో ఎక్కడిదో చెప్పే ఫైలును) కూడా కోడ్‌తోపాటు పంపితే పైన చెప్పిన కష్టం ఏదీ ఉండదు. ఈఎస్‌బిల్డ్ తయారుచేసే మ్యాపులో అసలు సోర్సు పాఠం కూడా మామూలుగా ఉంటుంది. అంటే ఆ చీనీ వ్యాపారి ఖాతాలో మ్యాప్ ఫైలు ఉండి ఉంటే, వ్యాఖ్యలతో సహా టైప్‌స్క్రిప్ట్ అంతా దొరికేది. మినిఫై చేయని బండిల్ కంటే అది ఎంతో మేలు. మా బృందంలోనే ఒకరు ఈ మాట పదేపదే అంటారు, “మీరు చేయాల్సిన ప్రచారం మినిఫైకి వ్యతిరేకంగా కాదు, మ్యాపులకు అనుకూలంగా” అని.

ఆ మాటను నేను పూర్తిగా కొట్టేయలేను. నాకున్న సందేహాలు ఇవి. మ్యాప్ ఫైలు సాధారణంగా కోడ్ కంటే పెద్దది. అంటే బరువు తగ్గించడానికి మినిఫై చేసి, చదవడానికి వీలుగా అంతకంటే ఎక్కువ బరువు తిరిగి ఎక్కిస్తున్నాం. ఎర్రర్ వచ్చినప్పుడు అసలు లైను నంబరు కనిపించాలంటే నోడ్‌కు సోర్స్ మ్యాపులు వాడమని విడిగా చెప్పాలి. అలా చెబితే ఎర్రర్ స్టాక్ (ఎర్రర్ ఏ దారిన వచ్చిందో చెప్పే జాబితా) చదివినప్పుడల్లా కొంత ఆలస్యం తప్పదని నోడ్ పత్రాలే హెచ్చరిస్తాయి. ఎప్పుడో ఒక ఎర్రర్ వచ్చే ఫంక్షన్‌లో అది లెక్కలోకి రాదు. ఎర్రర్లను విసిరి పట్టుకోవడమే పద్ధతిగా రాసిన లైబ్రరీలు ఉన్నచోట వస్తుంది. ఇక అన్నిటికంటే ముఖ్యం: మ్యాప్ మామూలుగా విడి ఫైలు. విడిగా ఉండేది ఏదో ఒకరోజు పంపడం మరిచిపోతారు. మినిఫై చేయకపోతే మరిచిపోవడానికి ఏమీ లేదు.

అందువల్ల మా దగ్గర మినిఫై ఉండదు. పెద్ద ఫంక్షన్లకు మ్యాప్ ఉంటుంది, చిన్నవాటికి ఉండదు. బండిల్‌లోని లైను నంబరు అసలు ఫైలులోని నంబరు కాకపోయినా, ఆ లైనుకు వెళ్తే ఫంక్షన్ పేరు కనిపిస్తుంది, అక్కడినుంచి దారి తెలుస్తుంది. చిన్న ఫంక్షన్లతో ఇంకో సౌకర్యం ఉంది. ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లోనే (వెబ్‌సైటులోనే) ఫైలు తెరిచి చూడొచ్చు. ఊళ్లో లేనప్పుడు, ల్యాప్‌టాప్ దగ్గర లేనప్పుడు, ఎవరి కంప్యూటర్‌లోనో లాగిన్ అయి “అవును, ఇక్కడ కడప పసుపుకు ధర ఖాళీగా వస్తోంది” అని చెప్పగలగడం తక్కువ విషయం కాదు.

పేర్లు కుదిస్తే చదవడానికి కష్టం కావడమే కాదు, కోడ్ కూడా తప్పుగా నడవొచ్చు. టైప్‌ఓఆర్‌ఎం (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) వాడేవాళ్లు ఎన్టిటీకి, అంటే డేటాబేస్ పట్టికకు ప్రతిగా రాసే క్లాసుకు, పట్టిక పేరు విడిగా రాయకపోతే, అది క్లాసు పేరునుంచే పట్టిక పేరు తయారుచేసుకుంటుంది. క్లాసు పేరు ‘ఎ’ అయిపోతే పట్టిక పేరూ ‘ఎ’ అవుతుంది. ఎర్రర్ రకాన్ని క్లాసు పేరుతో పోల్చి చూసే కోడ్‌కూ ఇదే గతి. దీనికి, అసలు పేర్లను కాపాడే కీప్ నేమ్స్ అనే సెట్టింగు ఉంది. నిజాయితీగా చెప్పాలంటే మినిఫై లేకపోయినా ఈ ఇబ్బంది కొంత ఉంటుంది: రెండు ఫైళ్లలో ఒకే పేరుతో క్లాసులుంటే, ఒకే ఫైలులోకి చేర్చేటప్పుడు ఒకదాని పేరు చివర బండ్లర్ అంకె తగిలిస్తుంది. కాబట్టి ఆ సెట్టింగు ఎలాగూ పెట్టుకోవడం మంచిది.

బండిల్‌కు లొంగనివి

బండిల్ చేస్తే అన్నీ సుఖమే అన్నట్టు రాశానేమో. కాదు. షార్ప్ లాంటి బొమ్మల లైబ్రరీ లోపల యంత్రభాషలో కంపైల్ అయిన ఫైలు ఉంటుంది. దాన్ని జావాస్క్రిప్ట్ బండిల్‌లో కలపలేం. బయట ఉంచాలి, అదీ లాంబ్డా నడిచే లినక్సుకు, మనం ఎంచుకున్న ప్రాసెసర్‌కు సరిపోయే రూపంలో. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి జిప్ కట్టి పంపితే అక్కడ లేవదు. అలాగే, నడిచేటప్పుడు డిస్కు నుంచి చదివే ఫైళ్లను బండ్లర్ పట్టించుకోదు. రసీదుల పీడీఎఫ్‌లకు మేం వాడే తెలుగు ఫాంటు అలాంటిదే. దాన్ని విడిగా కాపీ చేయమని చెప్పాలి, ఫోల్డరు దారి బండిల్ అయ్యాక మారుతుందని గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి, ఈఎస్‌బిల్డ్ టైపులను సరిచూడదు. చెరిపేస్తుందంతే. టైపు తప్పున్న ఫైలును కూడా హాయిగా బండిల్ చేసి చేతిలో పెడుతుంది. టైప్‌స్క్రిప్ట్ సొంత కంపైలరు టీఎస్‌సీని ఫైళ్లు రాయకుండా కేవలం తనిఖీకి విడిగా నడిపించాలి. నెస్ట్‌జేఎస్ అనే సర్వర్ ఫ్రేమ్‌వర్క్ మీద పనిచేసేవాళ్లకు మరో చిక్కు: అది ఆధారపడే డెకరేటర్ల మెటాడేటాను (క్లాసులకు తగిలించే గుర్తుల వెనక ఉండే టైపు వివరాలను) ఈఎస్‌బిల్డ్ రాయదు, అక్కడ వేరే దారి చూసుకోవాలి.

అసలు బండిల్ అక్కరలేదు, కావలసిన ఫైళ్లను గుర్తుపట్టి అవి మాత్రమే కాపీ చేస్తే చాలు అనే పద్ధతి కూడా ఉంది. వెర్సెల్ అనే సంస్థ వాళ్ల నోడ్ ఫైల్ ట్రేస్ అదే చేస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు కాబట్టి నా చదువుకునే కోరిక దానితో ఇంకా బాగా తీరుతుంది. కానీ ఫైళ్ల సంఖ్య పెద్దగా తగ్గదు. మా లాంటి ఎప్పుడూ చల్లగా లేచే ఫంక్షన్లకు అది సరిపోలేదు.

2025 సెప్టెంబరులో, నోడ్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎంలో చాక్, డీబగ్ లాంటి అందరూ వాడే ప్యాకేజీల్లోకి ఎవరో చెడ్డ కోడ్ చొప్పించినప్పుడు, ఖాతాదారులు వరసగా ఫోన్లు చేశారు: మా దాంట్లో అది ఉందా? లాక్ ఫైలు (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ వాడామో రాసి ఉండే ఫైలు) ఉన్నచోట జవాబు సులువు. సోర్సు లేకుండా మా చేతికి వచ్చిన ఫంక్షన్లలో, మినిఫై చేయనివాటిలో ఆ ఫైలు దారుల వ్యాఖ్యలే సాయపడ్డాయి. ప్యాకేజీ ఉందో లేదో తెలిసింది, వెర్షన్ మాత్రం తెలియలేదు. అందుకని ఇప్పుడు బండిల్‌తోపాటు బండిల్‌లో ఏమేం కలిశాయో చెబుతూ ఈఎస్‌బిల్డ్ ఇచ్చే మెటాఫైలునూ, ఆనాటి లాక్ ఫైలునూ కలిపి దాచిపెడుతున్నాం. మినిఫై చేసిన ముద్దల విషయంలో “ఉండకపోవచ్చు” అని మాత్రమే చెప్పగలిగాం. ఆ జవాబు వినడం ఏ ఖాతాదారుకూ నచ్చదు.

మినహాయింపు ఉందని మొదట్లో అన్నాను. లాంబ్డా లాంటిదే మరో సేవ క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌లో పరిమితి చాలా ఇరుకు: కుదించాక లెక్కవేసి, ఉచిత ప్లానులో 3 ఎంబీ, డబ్బు కట్టే ప్లానులో 10 ఎంబీ. రసీదుల ఫంక్షన్ ఒకదాన్ని అక్కడ పెట్టాల్సి వచ్చింది. పీడీఎఫ్ లైబ్రరీ, తెలుగు ఫాంటు కలిసి ఉచిత ప్లాను గీత దాటుతున్నాయి. ఫాంటులోంచి మనకు అక్కరలేని అక్షరాలు తీసేసినా ఇంకా కొంచెం మిగిలింది. మ్యాపుల పక్షాన వాదించే సహోద్యోగి అక్కడ మినిఫై పెట్టారు, మ్యాపును రిపాజిటరీలో భద్రం చేశారు, నేను ఒప్పుకున్నాను. ఆ ప్లాను మార్చడానికి నెలకు అయ్యే ఖర్చు ఎంతో చూసి చెప్పమని ఆయన్ను అడిగాను. ఇంకా చెప్పలేదు.